డిక్రీకి అందని ఋణములు

న్యాయవాది గతించిన పిమ్మట ఆతని పేరు నిలుచు తావులు లోకమున మిక్కిలి స్వల్పములు. కవికి కావ్యము కలదు. వైద్యునకు ఆతని హస్తవాసిచే బ్రతికి బట్టకట్టినవారి నోళ్లు కలవు. ఆనకట్ట గట్టించిన యింజనీరు పేరు శిలాఫలకముపై నుండును. న్యాయవాది జన్మమంతయు ధారవోసి వ్రాసిన దావాలును జవాబుదావాలును కోర్టు రికార్డుగదిలో గుడ్డమూటలయందు కొంతకాలము దుమ్ము మోసి, నియమితమగు గడువు తీరినంతనే నాశము చేయబడును. ఆతని వాదము నెగ్గినచో న్యాయమూర్తి తీర్పులో కలిసిపోవును. వీగినచో ఆ తీర్పుననే ఖండింపబడును. కక్షిదారు తన వ్యాజ్యము తెమలిన మరునాటినుండి ఆ వీథి త్రొక్కడు. మరల త్రొక్కవలసిన యవసరము రాకుండుటయే ఆతనికి శుభము. కావున న్యాయవాదిని స్మరించు భారము తరచుగా ఆతని యింటివారిమీదనే పడుచున్నది. ఆ భారములో నా పాలు తీర్చుకొనుటకై మా పెద్దనాయనను గూర్చి ఈ నాలుగు మాటలు వ్రాయబూనితిని. కోర్టు ఆవరణమున ఆ తరమువారందఱును ఆయనను ‘చెన్నూరు ప్లీడరు’ అనియే పిలిచెడివారు గనుక ఇచ్చటను ఆ పేరే చాలును.

చెన్నూరు కడపకు ఉత్తరముగా, కర్నూలు పోవు పెద్దబాటమీద, పెన్నానది యొడ్డున నున్న పాతయూరు. దాపుననే పుష్పగిరి క్షేత్రము. ఊరిచుట్టును కర్నూలు–కడప కాలువ నీటితో పండు పసుపుచేలు. వానినడుమ అవిసెచెట్ల నల్లుకొని నిలువెత్తు పెరిగిన తమలపాకు తీగెల యాకుతోటలు. ఆకుతోట సామాన్యమగు సేద్యము కాదు. విత్తు చల్లి, పైరు చేతికివచ్చుదాక అప్పుడప్పుడు వచ్చి చూచిపోవుటకు అందు వీలులేదు. తీగె జారినచో ఎత్తి కట్టవలయును. తడి తప్పినచో వాడును, హెచ్చినచో వేరు కుళ్లును. ఆకు ముదిరినచో బేరము పోవును. ఇంటిల్లిపాదియు దినదినమును కనిపెట్టుకొనియుండిననే గాని తోట నిలువదు. అట్టి తోటగల రైతుకుటుంబమున పెద్దకొడుకై పుట్టి, తెల్లవారుజామున తండ్రివెంట తీగెలు కట్టి, పిదప బడికి నడచిపోయిన బాలుడు, కడపలో చదువు ముగించుకొని చెన్నపట్టణమున న్యాయశాస్త్రము నభ్యసించి తిరిగివచ్చి, నల్లకోటు తొడిగి కడప కోర్టున నిలిచెను. మద్రాసు హైకోర్టుకు పోవుచుండిన అప్పీళ్ల కట్టలు 1954లో గుంటూరి త్రోవను, 1956లో హైదరాబాదు త్రోవను పట్టుట ఆయన కన్నులార చూచెను. రాష్ట్రములు మాఱెను, హైకోర్టులు మాఱెను, ఆయన మాత్రము ఆ కడప కోర్టు వసారాను విడువలేదు.

ఆయన వసారాకు వచ్చు వ్యాజ్యములను బట్టి ఆ కక్షిదారు ఏ దెసనుండి వచ్చెనో చెప్పవచ్చునని ఆయన అనుచుండెడివారు. ప్రొద్దుటూరు బంగారమునకును ప్రత్తికిని పేరువడిన వర్తకపు పట్టణము గనుక ఆ వైపునుండి వచ్చునవి ప్రోనోట్లు, తనఖాలు, లెక్కల పేచీలు. జమ్మలమడుగు నల్లరేగడి నేలలవారు గట్టుతగాదాలతో వచ్చెడివారు. ఏటేట గట్టును మూరెడు జరుపు నాగలికి సాక్ష్యము దొరకుట ఎంత కష్టమో ఆయనకు తెలిసినట్లు మఱొకరికి తెలియదు. పులివెందుల మెట్టపొలములవారి వ్యాజ్యము తఱచుగా నీటిమీదిది: బావిలో వంతులు, కపిల తోలుకొను దినములు, వంక నీటికి అడ్డుకట్టలు. ఈ తగాదాలన్నిటికిని మొదట ఒకే చిక్కు కానవచ్చును. నైజాము దత్తము చేసిన ఈ సీమకు 1800లో కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిని స్థాపించి, ఒక్కొక్క రైతు పేర పట్టా యిచ్చి, శిస్తుకు ఆతనినే బాధ్యుని చేసెను. మన కుటుంబధర్మమో, యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను అనుసరించి నడచునది. ఆ మతమున కొడుకునకు పిత్రార్జితమునందు పుట్టుకతోడనే స్వత్వము కలుగును. పట్టా ఒకరి పేర, స్వత్వము పదుగురిది. పెద్దవాడు బ్రదికియున్నన్ని నాళ్లు ఈ వైరుధ్యము ఎవరికిని కనబడదు. ఆయన కన్నుమూసిన పెద్దకర్మ దినముననే అది పీటవేసికొని కూర్చుండును. మితాక్షరను పదుమూడవ శతాబ్దముననే తిక్కన కాలపువాడగు కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేర తెలుగు పద్యములలో వెలయించుటకు కారణము, భాగముల తగవు తెలుగువారికి ఆనాడే ఎంత నిత్యమో గుర్తెఱుంగుటయే కావచ్చునని పెద్దనాయన తలంపు. ఆ గ్రంథము ఆయన బల్లమీద చట్టముల సంపుటముల ప్రక్కనే యుండెడిది.

ఆయన వ్యాజ్యము నడుపు తీరు నొక్కింత చెప్పవలయును. పులివెందుల వైపునుండి ఒక రైతు తమ్మునిమీద భాగమునకై దావా వేయవలెనని వచ్చి, వసారాలో చాపమీద కూర్చుండక నిలువుకాళ్లమీదనే, “సామీ, నా భాగం నాకు తెగ్గొట్టిచ్చండి. సచ్చేదాకా వాని మొగం సూడను” అని ఆవేశమున పలికెను. పెద్దనాయన కాగితముల కట్ట విప్పి, సర్వే నంబర్లన్నియు చదివి, “పొలం తెగ్గొడదాం లేబ్బా. బాయిని యాడ తెగ్గొడతావు?” అని యడిగెను. ఆ మనుజుడు మాటాడలేదు. “నీకు మూడు దినాలు, వానికి మూడు దినాలు వంతు రాపిస్తా. నీ వంతు అయిపోయినంక వానికి చెప్పల్ల గదా. మొగం సూడకుండా ఎట్ల చెప్తావు?” అని మరల ననెను. ఆ రైతు చాపమీద కూర్చుండెను. దావా వేయక తప్పలేదు గాని, అది మూడవ వాయిదాకే రాజీ అయ్యెను. రాజీపత్రమున వంతుల పట్టిక నంతయు పెద్దనాయనయే తన చేతిమీదుగ వ్రాసెను. నేలను పంచవచ్చును. బావిని మాత్రము వంతులు పెట్టుకొని కలిసి వాడుకొనవలసినదే గాని పంచుకొనుటకు వీలులేదు. కుటుంబమునందును అట్టి బావులు కొన్ని కలవనియు, భాగపరిష్కార దస్తావేజు వ్రాయునపుడు వానిని ముందుగ గుర్తించిన ప్లీడరే కక్షిదారునకు మేలుచేసినవాడనియు ఆయన నమ్మకము. ముసలితల్లి పోషణము, పెండ్లి కావలసిన చెల్లెలు, తండ్రి మిగిల్చిపోయిన అప్పు, ఇంటిదేవర పూజ: వీనిని ఎకరములవలె కొలిచి చీల్చువాడు ఇంటిని నిజముగ చీల్చినవాడగును.

ఇట్టి మాటలు చెప్పు న్యాయవాదులు మఱికొందఱుండవచ్చును. పెద్దనాయన జీవితమును స్మరింపదగినదిగ చేసినది మఱొక విషయము. అది ఆయన సొంత యింటిలో జరిగినది.

మా అబ్బ, అనగా పెద్దనాయనకును మా నాయనకును తండ్రి, గతించిన చాలకాలమునకు ప్రొద్దుటూరినుండి ఒక పసుపు వర్తకుని కొడుకు ఏదో సొంత వ్యవహారమున సలహా కోరివచ్చి, మాటల నడుమ జేబునుండి ఒక ప్రోనోటు తీసి చూపెను. తండ్రి పెట్టె సర్దుచుండగ దొరకినదనియు, అది తనకు పనికిరాదని తెలిసినను పెద్దవారి చేవ్రాలు గదా అని తెచ్చితిననియు వినయముగ చెప్పెను. రెవిన్యూ స్టాంపుమీద అడ్డముగ మా అబ్బ వ్రాలు. నోటు వెనుక రెండుచోట్ల చిన్నమొత్తముల చెల్లు, ఒక్కొక్క చెల్లు క్రింద మరల అదే వ్రాలు. అప్పు ఇచ్చిన మూడేండ్లలోపల దావా వేయనిచో, లేక కొంత చెల్లువేసి వ్రాలుచేసి గడువును పొడిగింపనిచో, ప్రోనోటునకు కాలదోషము పట్టునని ఆ కాలపు రైతులందఱును ఎఱుగుదురు. అందుకే పది రూపాయలైనను వెనుక చెల్లు వేయించుట వర్తకుల యాచారము. మా అబ్బ వ్రాసిన రెండవ చెల్లు తరువాత అట్టి వ్రాలు మఱొకటి లేదు. ఆ చెల్లు వ్రాసిన తరువాతి యేడు పెన్న యెండి, ఆకుతోట పోయినదని ఇంటిలోని పెద్దలు తరువాత చెప్పగ వింటిని.

గుమాస్తా ఆ నోటును వెలుతురునకు పట్టి చూచి, “కాలదోషం పట్టి శానా ఏండ్లయిందయ్యా” అనెను. అది గుమాస్తా చెప్పనక్కరలేదు. ఆ వసారాలోనే కూర్చుండి పెద్దనాయన ఎందఱో పేదరైతుల పక్షమున అదే కాలదోషమును వాదించి వారి గుడిసెలను జప్తునుండి కాపాడియుండెను. రాజాజీ ప్రభుత్వము 1938లో చేసిన మద్రాసు రైతుఋణ విమోచన చట్టమును బట్టి అప్పులు తగ్గించు దరఖాస్తులు వేయుటలో ఆ జిల్లాలో పేరుగన్న సీనియరు ప్లీడరుకడ జూనియరుగ ఆయన పని నేర్చుకొనెను. కాలదోషమును అడ్డుపెట్టుట అధర్మమని ఆయన ఎన్నడును తలంపలేదు. కక్షిదారు జేబులోని ధనముతో దానము చేయుటకు ప్లీడరునకు అధికారము లేదనియు, పేదవాని పక్షమున చట్టములోని ప్రతి రక్షణమును వాడుటయే తన విధియనియు ఆయన దృఢముగ చెప్పెడివారు. కాని ఈ నోటుమీది వ్రాలు తన తండ్రిది, జేబు తనది. ఆయన ఆ నోటును బల్లమీద బోర్లించి, దానిపై చేయి యుంచి, వడ్డీ లెక్క కట్టించుమని ఆ వర్తకుని కొడుకును కోరెను. ఆ యువకుడు నిర్ఘాంతపోయి, అసలు చాలునని బ్రతిమాలెను. పెద్దనాయన వడ్డీని కోర్టు రేటున తానే లెక్కకట్టి, మూడు పంటలలో తీర్చెదనని మాట యిచ్చెను.

ఆ యేడు పసుపు ధర పడిపోయెను. రెండవ వాయిదా సొమ్మునకు ఇంట రూపాయి లేదు. నాటిరాత్రి భోజనమైన పిమ్మట పెద్దనాయన పెద్దమ్మ యెదుట కూర్చుండి, ఆమె చేతిగాజుల మాట యెత్తెను. వంటయింటి గడపకడ కూర్చుండి నేను వినిన మాటలివి: “అవి నీ స్త్రీధనం. దాని మీద నాకు హక్కు లేదు. నువ్వు వద్దంటే నేను మాట్లాడేదానికి లేదు.” పెద్దమ్మ గాజులు తీయుచునే, “మామ పెట్టిన అన్నం నేనూ తింటి గదా” అనెను. ఆ యిరువురి మాటలలో ఒకటి శాస్త్రము, రెండవది దానికి మించినది. భర్త ఔదార్యమును లోకము పొగడును. ఆ యౌదార్యమునకు తాకట్టుపోయిన గాజులను లోకము చూడదు. మా యింటి మర్యాదలో సగపాలు పెద్దమ్మది. ఈ రచనలో ఆమెను మరచినచో అది అసత్యరచన యగును.

ప్రాచీనధర్మమునందు పుత్రుడు తండ్రి ఋణమును తీర్చుట విధియే. తండ్రి జూదమునకో వ్యసనమునకో చేసిన అప్పు కానిచో, ఉమ్మడియాస్తినుండి కొడుకులు దానిని తీర్చవలసినదేనని హిందూధర్మశాస్త్రమును అమలుపఱచిన మన కోర్టులును చిరకాలము తీర్పులిచ్చినవి. హిందూ వారసత్వచట్టమునకు 2005లో జరిగిన సవరణముతో ఆ నియమము కూడ తొలగినది. ఆ పిమ్మట తండ్రి చేసిన అప్పునకు పుత్రధర్మము పేర కొడుకుమీద కోర్టు డిక్రీ యీయదు. కాని మా అబ్బ నోటునకు ఆ పాతధర్మముగూడ ఉపకరింపదు. కాలదోషము పట్టిన అప్పునకు ఏ ధర్మశాస్త్రమును జప్తుదారును పంపజాలదు. పెద్దనాయన తీర్చినది శాసనములన్నియు చేతులెత్తివేసిన ఋణము.

మఱొక సంగతి. మా అత్త, పెద్దనాయనకు చెల్లెలు, చిన్నతనముననే వితంతువై పుట్టినింటికి తిరిగివచ్చెను. అన్నదమ్ములు భాగములు పంచుకొనిన దినమున పెద్దనాయన తన పాలికి వచ్చిన పసుపుచేనినుండి ఒక చెక్కను ఆమెపేర రిజిస్టరు చేయించెను. ఆనాటికి కూతునకు ఉమ్మడియాస్తిలో జన్మహక్కు నిచ్చు చట్టమే లేదు. ఆ తరువాత 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వచట్టమునకు సవరణముచేసి, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి కూతునకును కొడుకుతో సమానమగు హక్కు కల్పించినపుడు, రాష్ట్రమంతటను ఆ విషయము ఘనముగ చెప్పుకొనిరి, చెప్పుకొనదగినదే. కాని ఆ చట్టమునందును అంతకుముందే పెండ్లియైనవారికి పాలు లేదు. అనగా చట్టము వచ్చిన పిమ్మటను మా అత్తకు హక్కు రాలేదు. అన్న యిచ్చినదే ఆమెకు నిలువనీడ. ఆ దస్తావేజులో ‘ప్రేమానురాగములచేత’ అని వ్రాయుట దానపత్రముల రివాజు. పెద్దనాయన గుమాస్తాచే ఆ మాట కొట్టివేయించి, ‘ఆమెకు చెందవలసియున్నందున’ అని వ్రాయించెను. చట్టము ఒప్పని హక్కును ఆయన తన చేవ్రాలుతో ఒప్పుకొనెను.

ఈ రెండు పనులను కలిపి తలపోయునపుడు నాకు కలుగు భావ మిది. శాసనమెఱుగనివాడు ఒక అప్పు తీర్చినచో, భయముచేతనో భ్రమచేతనో తీర్చెనని శంకింపవచ్చును. కోర్టు తన్ను నిర్బంధించునేమోయని తలంచియుండవచ్చును. న్యాయవాది విషయమున ఆ శంకకు తావులేదు. తన బాధ్యత ఏ యంగుళముకడ ఆగునో ఆతనికి తెలియును. ఆ గీతకు ఈవల నిలిచి తలుపు మూసికొనినచో తన్ను ఎవ్వరును ఏమియు చేయజాలరనియు తెలియును. తెలిసియుండి ఆ గీత దాటి ముందుకు సాగిన చేయి, నిర్బంధమేమాత్రమును సోకని చేయి. కావుననే న్యాయవాది కుటుంబభక్తికి ఒక ప్రత్యేకమగు విలువ కలదని నా విశ్వాసము. ఆతడు దినమెల్ల అన్నదమ్ములు ఒకరిపై నొకరు వ్రాయించు ప్రమాణపత్రములు చదువును. కొడుకు తల్లిని పరాయిదానినిగ చెప్పిన సాక్ష్యములు వినును. సాయంత్రము ఇంటికి వచ్చి తన తల్లికాళ్లకడ కూర్చుండును. వృత్తియందు చూచినదానిచే హృదయము గట్టిపడుట మిక్కిలి సులభము. అట్లు గట్టిపడకుండ కాపాడుకొనుటయే ఆ వృత్తిలోని తపస్సు.

దేశచరిత్రలో న్యాయవాదులను మనము మఱొక విధమున స్మరింతుము. ఒంగోలున పూటకూళ్లిల్లు నడపి కొడుకును చదివించిన తల్లి కడుపున పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు, బారిష్టరై వేలార్జించి, 1921లో ఆ వృత్తిని గడ్డిపోచవలె విడిచి ‘స్వరాజ్య’ పత్రిక స్థాపించెను. మా కడపలోనే, బారిష్టరై వచ్చి ప్రజాసేవకు దిగిన కోటిరెడ్డిగారి పేర నేటికిని ఒక కూడలి కలదు. జిల్లాబోర్డునకు అధ్యక్షురాలై వెలసిన రామసుబ్బమ్మగారు ఆయన సహధర్మచారిణి. 1937 నవంబరు 16న చెన్నపట్టణమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున, కోస్తావారును రాయలసీమవారును కుదుర్చుకొనిన ఒడంబడికమీద వ్రాలుచేసినవారిలో కోటిరెడ్డిగారు ఒకరు. విశ్వవిద్యాలయ కేంద్రములు వాల్తేరునను అనంతపురమునను ఉండవలెననియు, నదీజలములలో పదియేండ్లు సీమకు మొదటి మన్నన యీయవలెననియు, రాజధానియు హైకోర్టును వేర్వేరు తావుల నుండి, వానిలో తమకు నచ్చినదానిని సీమవారు కోరుకొనవచ్చుననియు అందు వ్రాసికొనిరి. 1953లో కర్నూలు రాజధాని యగుటయు, మరుసటియేడు హైకోర్టు గుంటూరున వెలయుటయు ఆ మాట చొప్పుననే. నీటినిగూర్చిన మాటను మాత్రము సీమరైతు నేటికిని జ్ఞాపకము చేయుచునేయున్నాడు.

పెద్దనాయన శ్రీబాగ్ ఒడంబడికను అన్నదమ్ముల భాగపరిష్కారముగనే చూచెడివారు. కోర్టు అమలుపఱుపజాలని పత్రమునకు విలువ యేమని యువన్యాయవాది యొకడు వాదించినపుడు, అమలుపఱుపజాలని పత్రముమీదనే చేసినవారి పెద్దఱికము తెలియునని ఆయన బదులిచ్చెను. డిక్రీ యున్నచో అమీనా వచ్చి వసూలుచేయును. అందు ఇచ్చువాని గొప్ప ఏమున్నది? మాట తప్పినను శిక్షలేని తావున మాట నిలుపుకొనుట యింటికిని, రాష్ట్రమునకును, దేశమునకును ఒకే పరీక్ష.

మహాపురుషుల త్యాగము విగ్రహముల రూపమున కూడళ్లయందు నిలుచును, నిలువవలసినదే. ఇంటిలోని నిష్ఠకు విగ్రహము లుండవు. అందుచేత అది తక్కువదని తలంచుట పొరపాటు. పదిమంది చూచుచుండగ వేలు విడుచుటకు ధైర్యము కావలయును. ఎవ్వరును చూడని వసారాలో, చట్టము ‘నీవు విడుదల పొందితివి’ అని చెప్పుచుండగ, పాతనోటుమీద చేయి యుంచి లెక్కకట్టించుటకును అట్టి ధైర్యమే కావలయును.

కాలము మాఱినది. ఉమ్మడి కుటుంబములు విడిపోయినవి. అది అంతయు నష్టమని నేను చెప్పను. పెద్దవాని చేతిక్రింద నలిగిన తమ్ములకును, పాలు లేక కన్నీరు గుడుచుకొనిన ఆడుబిడ్డలకును చట్టము చేసిన మేలు గొప్పది. 2005 సవరణముతో దేశమంతటను కూతురు కొడుకుతో సమానమైనది. కాని చట్టము ఒక వైపున హక్కు నిచ్చుచు, మఱొక వైపున పాత విధులనుండి మనలను విడిపించుచున్నది. తండ్రి అప్పునకు పుత్రధర్మము పేర కొడుకు బాధ్యుడు కాడని నేటి శాసనము చెప్పును. చెప్పవచ్చును. అంతమాత్రమున కొడుకు చేయవలసినది లేకపోదు. ఇదివఱలో కోర్టు చేయించినదానిని ఇక తానై చేయవలసియున్నది. స్వేచ్ఛ పెరిగినకొలది అంతరాత్మకు పని పెరుగును.

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కోర్టులలో నేడు నల్లకోటు తొడుగుకొని నిలుచు యువన్యాయవాదులలో మా చెన్నూరు ప్లీడరును చూచినవారు ఇక మిగులలేదు. చూడనక్కరలేదు. ఆయన వాదనలు వారికి పనికిరావు, చట్టములు మాఱినవి. పనికివచ్చునది ఒక్కటే: కక్షిదారునకు చట్టమునందున్న ప్రతి రక్షణమును దక్కించి, తన యింటికి వచ్చినపుడు ఆ రక్షణముల నడుగకుండుట. ఈ రెండును ఒకే మనిషియందు విరోధము లేక యిముడునని ఆయన బ్రదికి చూపెను. మేము ఆయన పిల్లలము, తమ్ముని పిల్లలము, చెల్లెలి యింటివారము. ఆయనకు మేము పడియున్న ఋణమునకు ప్రోనోటు లేదు, గడువు లేదు, దావా వేయువాడును లేడు. కావున అది ఇక మా యిష్టమునకు విడువబడినది. తీర్చువారము మేమే కావలయును.